అలసిన ఊపిరికి లెక్క

మా పెద్దమ్మ ఉద్యోగం ఏమిటో చెబితే ఎవరైనా మళ్లీ చెప్పమంటారు. పేలుడు జరిగితే ఎంత దూరంలో ఉన్నవాళ్ల చెవులు పోతాయి, బండి గుద్దితే ఏ పక్కటెముక ముందు విరుగుతుంది, విషవాయువు పీలిస్తే ఎన్ని నిమిషాల్లో ఊపిరితిత్తులు పాడవుతాయి, ఇవన్నీ మనుషులకు జరగకముందే కాగితం మీద లెక్కగట్టడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే. నలుగురిలోకి వెళ్తే ఆమె పక్కన కూర్చోడానికి జనం జంకేవాళ్లు.

ఆ లెక్కల్లో ఎప్పుడూ ఒకే మనిషి ఉంటాడు. డెబ్బై కిలోలు, ఏ రోగమూ లేదు, కుర్చీలో కుదురుగా కూర్చుని నిమిషానికి పన్నెండు ఊపిర్లలో ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. పెద్దమ్మ పెళ్లి చేసుకోలేదు కాబట్టి మా అమ్మ అతనికి ‘కుర్చీ బావగారు’ అని పేరు పెట్టింది.

అమ్మ చేపల కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోస్తుంది. గదులను చల్లబరచడానికి అక్కడి గొట్టాల్లో అమ్మోనియా పారుతుంది. అది లీకైతే లోపలి గదిలోంచి ఎంతసేపట్లో బయటపడాలో పెద్దమ్మ ఆఫీసే తేల్చాలి. పాత కాగితం తొమ్మిది నిమిషాలంది. తలుపు దాకా నడక రెండున్నర నిమిషాలే కనుక ఎవరికీ దిగులు లేదు. పెద్దమ్మకే ఉంది. పెట్టెలు మోసేవాళ్లు కుర్చీ బావగారిలా పీలుస్తారా?

ఒక సెలవురోజు ముసుగూ, దానికి తగిలించే పెద్ద సంచీ పట్టుకుని మా ఇంటికొచ్చింది. అమ్మ చేత ఇసుక నింపిన పెట్టెలు ఎత్తించి, దింపించి, వదిలిన ఊపిరినంతా సంచిలో పట్టి కొలిచింది. నిమిషానికి ఇరవై నాలుగు లీటర్లు, అంటే మూడింతలు. తొమ్మిది నిమిషాలు కాస్తా మూడయ్యాయి. నడక పోగా అర నిమిషం మిగులుతుంది. చాలీచాలకపోయినా మిగిలింది కదా అని సంతకం పెట్టింది. ఆ మూడుకే పై అధికారి వారం రోజులు గొణిగాడు.

తర్వాత ఒక సాయంత్రం పెద్దమ్మ మా ఇంట్లో ఉండగా అమ్మ పని నుంచి వచ్చింది. రెండో అంతస్తు ఎక్కలేక మధ్యలోనే మెట్టు మీద కూలబడింది. ఆ రొప్పు పైదాకా వినపడింది. పెద్దమ్మ వాచీ చూస్తూ ఆ ఊపిర్లు లెక్కపెట్టింది. మర్నాడు కోల్డ్ స్టోరేజీకే వెళ్లి, పని ముగిసే ముందు చివరి గంటలో అమ్మ ఊపిరి మళ్లీ కొలిచింది. ముప్పై ఆరు లీటర్లు. అంటే రెండే నిమిషాలు. తలుపు చేరేలోపే అమ్మ పడిపోతుంది.

“సెలవురోజు కొలిచాను,” అంది పెద్దమ్మ నాతో. “కంటినిండా నిద్రపోయి లేచినదాన్ని కొలిచాను.”

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. తనూ రోజూ కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చే మనిషే. చెల్లెలు అలిసిపోతుందని లెక్కలో వేసుకోవడం తట్టలేదు.

సంతకం వెనక్కి తీసుకోడానికి వెళ్తే అధికారి, మొన్నటిది మీ లెక్కే కదా అన్నాడట.

“నాదే. తప్పు లెక్క,” అందట పెద్దమ్మ.

ఆ మాటతో రావలసిన పదోన్నతి పోయింది. ఆమె బల్లను పాత సామాన్ల గది పక్కకి జరిపారు. ఎనిమిది నెలలు ఫైలు పట్టుకుని చెప్పులరిగేలా తిరిగితే, చివరికి లోపలి గది వెనక గోడకు రెండో తలుపు పెట్టారు. ఇప్పుడు నడక నలభై సెకన్లు.

ఇప్పటిదాకా అక్కడ లీకు జరగలేదు. అందుకే ఆ తలుపుని పెద్దమ్మ చాదస్తమనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆమె వాదించదు, ఓపిక లేదు. అమ్మ మాత్రం రోజూ పని అయ్యాక ఆ తలుపులోంచే బయటికొస్తుంది.

పోయిన నెల పెద్దమ్మ రిటైరైంది. ఆ మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, ఏదో చెప్పబోతూ కుర్చీలోనే నిద్రపోయింది. భోజనానికి లేపబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లు గోడ గడియారం మీద ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి.

“లేపకు,” అంది. “నిమిషానికి పన్నెండు ఊపిర్లు. ఇన్నాళ్లకి కుర్చీ బావగారిలా పీలుస్తోంది.”