గొడుగమ్మ రెండు గడియారాలు

మైదానంలో వరసగా ఏడు గొడుగులు. వానకి పట్టేవి కావు, వెల్లకిలా పడి ఆకాశంకేసి నోరు తెరుచుకున్నవి. ఒక్కొక్కటి మూడంతస్తుల మేడంత ఉంటుంది. రేడియో టెలిస్కోపు అన్న మాట గేటు మీది బోర్డుకే పరిమితం. చుట్టుపక్కల అందరికీ అవి గొడుగులు, వాటిని తిప్పే మనిషి గొడుగమ్మ.

టెలిస్కోపు దగ్గర పని అంటే గొట్టానికి కన్ను ఆనించి కూర్చోవడమని జనం అనుకుంటారు. "నిన్న ఏ చుక్క చూశావమ్మా?" అని కూరగాయలమ్మే ఆవిడ ఆటపట్టిస్తుంది.

"గీత చూశాను పిన్నీ," అంటుంది గొడుగమ్మ.

అబద్ధం కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ గొడుగులతో ఒక్క నక్షత్రాన్నీ కళ్ళారా చూసిన పాపాన పోలేదు. తెర మీద పచ్చగీత ఒకటి చీమలబారులా వణుకుతూ పోతుంటుంది. ఆకాశం పంపిన రేడియో అలలూ, యంత్రాల సొంత రొదా అందులో కలగాపులగంగా ఉంటాయి. ముప్పాతిక మువ్వీసం రొదే. రేడియోకి చీకటి అక్కర్లేదు, ఎండలోనూ మబ్బులోనూ గొడుగులు చూస్తూనే ఉంటాయి కనక ఆమెది పగటి ఉద్యోగం. భౌతికశాస్త్రం చదివి, పాఠాలు చెప్పే కొలువు దొరికేదాకా కాలక్షేపానికని చేరింది. చేరిన రోజునే ఏడు గొడుగులూ ఒక్కసారిగా తల తిప్పడం చూసింది. నిద్రలో ఉన్న పసిపిల్ల తల్లి వాసనకి మొహం తిప్పినట్టు, తొందర లేకుండా, చప్పుడు లేకుండా. ఇక ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ పోలిక మాత్రం ఆమెకి ఈ మధ్యనే తోచింది, కూతురు పుట్టాక.

ఆ కూతురికి ఐదో నెల. బుగ్గలు, బోసినవ్వు, అన్నీ సలక్షణంగా ఉన్నాయి, పాలసీసా ఒక్కటే ముట్టదు. పీక నోట్లో పెడితే నాలుకతో బయటికి తోసేసి, నమ్మినవాళ్ళే మోసం చేశారన్నట్టు చూస్తుంది. మెత్తటి పీక, గట్టి పీక, పొడుగుది, పొట్టిది, అంగట్లో ఉన్నవన్నీ ఇంటికొచ్చాయి. అత్తగారు పట్టినా అంతే, తండ్రి పట్టినా అంతే. పిల్ల తాగక ఎక్కడ చిక్కిపోతుందోనని గొడుగమ్మ రోజూ తూకం వేసేది. నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టేది. ఇంట్లో ఉంటే గొడుగుల బెంగ, గొడుగుల దగ్గర ఉంటే పిల్ల బెంగ. దూరప్రయాణాల బస్సు నడిపే మొగుడు వారానికి రెండురోజులు ఇంట్లో ఉంటాడు. అతనితో ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"ఈ నెలాఖరుకి ఇది నేను లేకుండా తాగడం నేర్చుకోకపోతే ఉద్యోగం మానేస్తాను."

"నీ ఇష్టం," అన్నాడతను. ఆ రెండు మాటల్లో ఎటు తూగాడో ఆమెకి అంతుపట్టలేదు.

అప్పటిదాకా ఆమెకి పూటపని ఇచ్చారు. పొద్దున పిల్లకి పాలిచ్చి వెళ్తే మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేది. కాబట్టి గండం గడుస్తూ వచ్చింది.

ఇక గడియారాల సంగతి చెప్పాలి. కంట్రోలు రూము గోడ మీద రెండున్నాయి. తలుపు పైనున్నది మామూలు గడియారం, అందరి చేతికీ ఉండేదే. కుర్చీకి ఎదురుగా ఉన్నది నక్షత్రాల గడియారం. భూమి సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతోంది కనక, నక్షత్రాలు మన లెక్కకి రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేస్తాయి. అందుకని ఆ గడియారం రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతూ పోతుంది. గొడుగుల పని మొత్తం దాని ప్రకారమే రాసుకుంటారు. ఏడాదికొక్కసారి మాత్రం రెండు గడియారాలూ ఎడమొహం పెడమొహం మాని ఒకే గంట చెబుతాయి. ప్రసవం సెలవు అయ్యాక గొడుగమ్మ పనిలోకి వచ్చింది సరిగ్గా ఆ వారంలోనే. నిద్ర చాలని కళ్ళకి ఎదురుగా ఉన్నదాన్ని చూడడమే అలవాటైంది. అప్పటికి తేడా ఏముంది గనక.

ఆ తర్వాత మూడు వారాలు గడిచాయి.

ఈలోగా ఆకాశంలో ఒకటి జరిగింది. జరిగింది అనడం కూడా తప్పే. మన భూమి ఇంకా ముద్ద కట్టకముందే, ఎక్కడో ఒక పెద్ద నక్షత్రం తనలోకి తాను కుప్పకూలింది. కూలుతూ రెండు వైపులకీ నిప్పుధార చిమ్మింది. అందులో ఒక ధార మనకేసి ఉంది. ఆ కబురు ఇన్ని వందల కోట్ల ఏళ్ళు నడిచి, మొన్నీమధ్య వచ్చింది.

ఇలాంటి పేలుడు వెలుగులు ఒక్కసారే రావు. కంట్రోలు రూములో వాటిని తోబుట్టువుల్లా చెప్పుకుంటారు. పెద్దాడు గామా కిరణాలు. వచ్చాడంటే ఊరంతా తెలియాలి, అరనిమిషం హడావిడి చేసి మాయమయ్యేలోపే ఒక ఉపగ్రహం పట్టుకుంది. నడిపోడు ఎక్స్‌రే. ఆరోజే ఇంకో ఉపగ్రహానికి దొరికి, రోజురోజుకీ నీరసించాడు. మూడోది మన కంటికి తెలిసిన వెలుగు. కొండ మీది అద్దాల టెలిస్కోపులో చుక్కలా కనబడి వారంలో మసకబారింది. కడగొట్టుది రేడియో. నిప్పుధార చుట్టూ ఉన్న వాయువుని తోసుకుంటూ నెమ్మదించేకొద్దీ దాని వెలుగు మెట్లు దిగుతూ వచ్చి చివరికి రేడియోలో తేలుతుంది. పెద్దాడి వెనక వచ్చేవాటన్నిటినీ కలిపి మలివెలుగు అంటారు. కడగొట్టుది ఆలస్యంగా వస్తుంది, బలహీనంగా వస్తుంది, కానీ ఎక్కువ రోజులు ఉంటుంది. పేలుడు అసలు ఎంతదో, దాని చుట్టూ ఏముండేదో చివరి లెక్క తేలేది దానితోనే.

ఆ లెక్క కోసం దూరపు ఊళ్ళో ఒక పరిశోధకురాలు కాచుక్కూర్చుంది. గొడుగులు రెండుసార్లు అటు చూశాయి. రెండుసార్లూ రొద తప్ప ఏమీ లేదు. మూడోసారి చూడ్డానికి ఒక్కరోజే మిగిలింది. ఆ మర్నాటి నుంచి గొడుగులకి వార్షిక మరమ్మతు. అవి మళ్ళీ లేచేసరికి మలివెలుగు ఆరిపోతుందని ఆవిడ భయం.

"ఆ రోజు కుర్చీలో మీరే ఉండాలక్కా," అంది ఫోనులో. "పూటపని అని తెలుసు. అయినా అడుగుతున్నాను."

గొడుగమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్నాక గాని పిల్ల పాల సంగతి గుర్తురాలేదు.

ముందురోజు సాయంత్రం పిల్లని భుజాన వేసుకుని అత్తగారికి విషయం చెప్పింది. అత్తగారు పాతికేళ్ళు ఇస్త్రీ దుకాణం నడిపిన మనిషి.

"ఏదీ కనబడ్డం లేదంటున్నావు, మరి రోజంతా దేన్ని చూస్తావ్?"

"కనబడకపోయినా ఉండొచ్చు అత్తయ్యా. మెల్లగా వస్తుంది."

"ఇస్త్రీపెట్టె సంగతే కదా. నిప్పు నల్లబడిందని చెయ్యి పెడితే బొబ్బలు. సరే, మరి ఈ మహారాణి సంగతేంటి?"

గొడుగమ్మ సంచిలోంచి మర్నాటి పని కాగితం తీసి చూసింది. నడిమధ్యలో గొడుగులు కాసేపు వేరే నక్షత్రానికి తిరిగి కొలతలు సరిచూసుకుంటాయి. అప్పుడు కుర్చీలో, గొడుగుల మోటార్లు చూసే మెకానిక్ అన్నని కూర్చోబెట్టి బయటికి రావచ్చు. "రెండింటికి గేటు దగ్గరికి తీసుకురండి అత్తయ్యా. అక్కడే పాలిచ్చేస్తాను. పొద్దున పిండిన పాలు కూడా ఫ్లాస్కులో పెట్టి వెళ్తాను, ఎందుకైనా మంచిది."

"రెండు అంటే రెండేనా?"

"రెండే."

మర్నాడు నక్షత్రాల గడియారం రెండు చూపగానే ఆమె గేటుకి పరిగెత్తింది. గేటు దగ్గర పిల్ల లేదు, అత్తగారు లేదు. కాపలా బాబాయి ఒక్కడే టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు.

"మా వాళ్ళు వచ్చారా బాబాయ్?"

"ఇంకా రాలేదమ్మా."

"రెండింటికి రమ్మన్నానే."

బాబాయి తన చేతి గడియారం చూసుకుని, ఆమె మొహం చూశాడు. "పన్నెండున్నరే కదమ్మా అయింది. నేనింకా అన్నమే తినలేదు."

కాగితం మీది రెండు నక్షత్రాల రెండు. అత్తగారికి చెప్పిన రెండు మనుషుల రెండు. రెంటికీ మధ్య గంటన్నర. గొడుగమ్మకి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఎండిపోయింది. గేటు ఫోనులోంచి ఇంటికి కొట్టింది. పిల్ల నిద్రపోతే అత్తగారు ఫోను నోరు నొక్కి దిండు కింద పెడుతుంది. మోగి మోగి ఊరుకుంది.

"వచ్చాక కంట్రోలు రూముకి కొట్టు బాబాయ్, వచ్చేస్తాను," అని వెనక్కి నడిచింది.

రావడం కుదరలేదు. మనుషుల రెండవుతుండగా ఐదో గొడుగు మోటారు మూలుగుతోందని మెకానిక్ అన్న దాని దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళాక గాలి లేచింది. గాలి ఒక హద్దు దాటితే గొడుగుల్ని నడినెత్తికి తిప్పి ఆపేయాలి, లేకపోతే విరుగుతాయి. ఆపితే మళ్ళీ లేపేసరికి ఆ మూల ఆకాశం వాలిపోతుంది. గాలి వేగం చూపే ముల్లు హద్దు కిందనే ఊగుతోంది. అలాంటప్పుడు కుర్చీలో మనిషి లేవకూడదు. అప్పుడు మోగింది ఫోను.

"ఎక్కడున్నావే అమ్మాయ్?" అత్తగారి గొంతు. ఆ గొంతు వెనక ఏడుపు. వెక్కి, ఊపిరి పట్టి, మళ్ళీ వెక్కి.

"అత్తయ్యా, గాలి లేచింది. నేను లేస్తే ఇవన్నీ ఆపేయాలి."

"ఆపేస్తే?"

"ఇవాళ్టితో సరి. ఇంకెవరూ చూడలేరు."

"ఆపకపోతే?"

ఏడుపు తీగ వెంబడి వస్తుంటే గొడుగమ్మ రవిక ముందంతా పాలతో తడిసిపోయింది. ఒంటికి ఏ గడియారమూ అక్కర్లేదు, పిలుపు వినబడితే చాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎడంచెయ్యి ఆపే బొత్తాం దాకా వెళ్ళింది కూడా.

"ఏడిస్తే ఏడవనీ," అంది అత్తగారు. "నీ మొగుడు ఇంతకన్నా ఏడ్చాడు. దుకాణంలో గిరాకీ పెట్టుకుని నేను వెళ్ళలేదు. చచ్చాడా, బస్సు నడుపుతున్నాడు. ఫోను పెట్టేయ్."

"తాగకపోతే మళ్ళీ కొట్టండి అత్తయ్యా."

"కొడతాలే. నీ గాలి నువ్వు చూసుకో."

ఫోను పెట్టేశాక గది నిశ్శబ్దమైంది. నిశ్శబ్దం అంటే యంత్రాల హోరు ఒక్కటే, కడుపులో బిడ్డకి వినబడే హోరులాంటిది. ఆమె చెయ్యి బొత్తాం మీదనే ఉంది, నొక్కలేదు. కిటికీలోంచి ఏడు తెల్లటి తలలూ ఒకే మూలకి వాలి, ఎండలో, ఏమీ లేని నీలంలోకి చూస్తున్నాయి. చూస్తూ చూస్తూ ఆమె కూడా ఆ చూపు వెంట పోయింది. గొడుగుల మీదుగా, పొరుగు నక్షత్రాలు దాటి, పాలపుంత అంచు దాటి, పేరు పెట్టని చీకట్లు దాటి. అక్కడ ఎవరూ లేరు. ఒక వేడి మాత్రం ఉంది, తన చుట్టూ ఉన్న మసకని నెమ్మదిగా తోసుకుంటూ, పలచబడుతూ. అది ఎవర్నీ పిలవడం లేదు. ఎవరైనా చూస్తున్నారా అని కూడా దానికి లేదు. ఏడుపు ఆగిందో లేదో ఇక్కడికి వినబడదు. ఫోను మోగితే తాగలేదని అర్థం. మోగకపోతే తాగిందనా? లేక ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందనా? గాలి ముల్లు హద్దుని తాకింది, వెనక్కి తగ్గింది. ఆమె ఊపిరీ దానితోపాటే పైకీ కిందకీ.

మలివెలుగు దొరికింది ఆరోజే అని మూడురోజుల తర్వాత లెక్కలు తేల్చాయి. రొదకి ఐదింతలున్న ఒక చుక్క, ఉండాల్సిన చోటనే. పరిశోధకురాలు ఆ బొమ్మ పంపి, కింద ఏమీ రాయలేదు, ఆనందంలో మర్చిపోయిందట. కానీ ఆ మధ్యాహ్నం తెర మీద చుక్కా లేదు, ఏమీ లేదు. పచ్చగీత వణుకుతూ పోతోంది, అంతే. ఫోను మోగలేదు.

గాలి పడిపోయాక మెకానిక్ అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "వెళ్ళు చెల్లెమ్మా, నేనున్నా" అనేలోపే ఆమె గుమ్మం దాటింది.

గేటు పక్క బల్ల మీద అత్తగారు కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల. ఆవిడ చేతిలో ఫ్లాస్కు మూత, చిన్న స్టీలు కప్పులా ఉండేది. పిల్ల రెండు చేతులతో దాని అంచు పట్టుకుని, పిల్లి నాకినట్టు నాకుతోంది. సగం గడ్డం మీద, సగం గౌను మీద. కాపలా బాబాయి టిఫిన్ డబ్బా పక్కన పెట్టి అదేదో ఆటలపోటీ అయినట్టు చూస్తున్నాడు.

"సీసా వద్దంది," అన్నాడు. "చెంచా వద్దంది. నేను నీళ్ళు తాగుతుంటే నా గ్లాసు మీద పడిందమ్మా. అప్పుడు మీ అత్తగారు మూత ఇచ్చారు."

"పెద్దమనిషి," అంది అత్తగారు. "పీకలతో పరువు పోతుందనుకుంది కాబోలు."

పిల్ల తలెత్తి తల్లిని చూసింది. నవ్వింది. ఆ నవ్వుకి ఆమె చేతులు చాచేలోపే మళ్ళీ మూతలోకి మొహం దించేసింది.

గొడుగమ్మ బల్ల మీద కూలబడింది. కొంగు ఎంత చుట్టుకున్నా తడి ఆగడం లేదు. పాలు నిండి గుండెలు రాళ్ళలా సలుపుతున్నాయి. ఇన్నాళ్ళూ దేనికోసం దేవులాడిందో అది ఎదురుగా జరుగుతుంటే కళ్ళనీళ్ళెందుకు వస్తున్నాయో ఆమెకే తెలియలేదు.

"ఇవన్నీ ఏం చేయను అత్తయ్యా?" అంది, రవిక చూసుకుంటూ.

"నేలపాలు చేయకు. గంటలో మళ్ళీ ఆకలంటుంది, నీదే వంతు." అత్తగారు పిల్ల గడ్డం తుడిచింది. "ఇంకా ఎంతసేపుంది నీ చూడ్డం?"

"ఇంకో గంట."

"ఆ గంట నువ్వుండాలా, ఆ మెకానిక్ చాలా?"

గొడుగమ్మ పిల్లకేసి చూసింది. మూత ఖాళీ అయింది. పిల్ల దాన్ని తిరగేసి బల్లకి కొట్టి చప్పుడు చేసుకుంటోంది.

"నేనుండాలి," అంది, లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.