అంబాసిడర్‌ను తుక్కుకు ఇచ్చిన రోజు

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డిలో మా వాకిట్లోకి మా కారును రెండెడ్లు గుంజుకొచ్చాయి. ముందు భాగమంతా లోపలికి నొక్కుకుపోయి, ఒక లైటు కిందికి వేలాడుతూ...

పాత అంబాసిడర్. మా ఇంటికి వచ్చేనాటికే దానికి నాకంటే ఎక్కువ వయసు. కొన్నది బాపు, కానీ బాపుకు నడపడం రాదు. నడిపేది మా అవ్వ తమ్ముడు నర్సింలు మామ. (అప్పట్లో మేం అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం... ఇప్పటి పిల్లలకు ఇవన్నీ విప్పి చెప్పాలి.)

మామది బీబీపేట. తల్లిదండ్రులు పోయాక మా దగ్గరే పెరిగాడు. కామారెడ్డిలో లారీ డ్రైవర్ల వెంట తిరిగి బండి నేర్చుకున్నాడు. మామూలప్పుడు మా ఇంట్లో చుట్టంలా ఒదిగి ఉండేవాడు... స్టీరింగ్ ముందు కూర్చుంటే మాత్రం ఇంటి మనిషే.

లింగంపేట దాటాక బర్రె అడ్డమొచ్చిందట. తప్పించబోయి చింతచెట్టుకు కొట్టాడు. పక్కన కూర్చున్న బాపుకు నుదుటి మీద బొప్పి కట్టింది. బర్రెకు ఏమీ కాలేదు. మామకు గీత కూడా పడలేదు... ఆయన దురదృష్టమల్లా అదే.

మా వైపు ఎవరింట్లో కష్టమొచ్చినా పలకరించడానికి వస్తారు. మనిషి పోయినా, ఎద్దు పోయినా. కారుకు దెబ్బ తగిలితే ఏం చేయాలో అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి దానికీ అలాగే వచ్చారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కారు చుట్టూ తిరిగి, గడంచ మంచం మీద కూర్చుని నిట్టూర్చారు. ఒకామె బానెట్ నిమిరి, "మొన్ననే సూస్తి గద... ఎంత మంచిగుండె" అన్నది.

వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒక్కటే. "ఎట్లయింది నర్సింలూ?"

మామ మొదటినుంచి చెప్పేవాడు. బాపు పక్కనుంచి సాయం పట్టేవాడు. బాపు చెప్పిన ప్రతిసారీ బర్రె పెరిగేది... చివరికి దాని కొమ్ములు రోడ్డుకు ఆ అంచునా ఈ అంచునా తాకాయి. మామ చెప్తుంటే మాత్రం చిక్కిపోతూ వచ్చింది. "ఎక్కడి బర్రె బావా, దూడనే. నేనే సూడలే" అని తల వంచుకునేవాడు.

కామారెడ్డి నుంచి మెకానిక్ వచ్చి కారు కింద దూరి చూశాడు. "కింద చట్రం వంగింది పటేలా. కొట్టి సాపు చేస్త... గని బండి ఎడమకు గుంజుడు మాత్రం పోదు" అన్నాడు.

అయినా బాగుచేయించాలనే బాపు పట్టు. కారు మీద ప్రేమతో కాదు... తుక్కుకు ఇచ్చేస్తే మామ మనసు విరుగుతుందని. మామ అప్పటికే మాతో కూర్చుని తినడం మానేశాడు. పళ్లెం పట్టుకుని పశువుల కొట్టంలోకి పోయేవాడు. ఆయన తన రేకుపెట్టె దులిపి బట్టలు సర్దుకోవడం చూసి, నేను ఉరికి అవ్వకు చెప్పాను.

ఆ సాయంత్రమే అవ్వ బాపుతో అన్నది, "దాన్ని అమ్మెయ్యి."

"అమ్మితే వాడేమనుకుంటడే?"

"అనుకోని. ఒక్కపారి అనుకుంటడు, అయిపోతది. బాగు చేపిస్తే ఎడమకు గుంజినప్పుడల్లా ఎక్కినోళ్లు యాది చేస్తరు. బతికినన్ని దినాలు వాడు గా బర్రె కత చెప్పుకుంట తిరగాల్నా?"

బాపు బొప్పి తడుముకున్నాడు. ఒప్పుకున్నట్టే లెక్క.

కామారెడ్డి తుక్కు దుకాణానికి తీసుకుపోయే రోజు ట్రాక్టర్ తెచ్చి తాడు కట్టారు. వెనుక గుంజుకుపోయే బండిలోనూ ఒకరు స్టీరింగ్ పట్టాలి. బాపు పక్కింటాయన్ని కేకేయబోయాడు.

"నర్సింలు కూసుంటడు" అన్నది అవ్వ.

"నేను ముట్టనక్కా" అన్నాడు మామ, కొట్టంలోంచే.

ఎప్పుడూ వెనుక సీట్లో కూర్చునే అవ్వ, ముందు తలుపు తీసి, బాపు బొప్పి కట్టించుకున్న సీట్లోనే కూర్చుంది. నన్ను ఒళ్లోకి లాక్కుంది. "కామారెడ్డిల నాకు పనుంది. పొద్దెక్కుతుంది, జల్ది రా."

ఆమెకు కామారెడ్డిలో ఏ పనీ లేదు.

మామ వచ్చాడు. కూర్చుని, కాసేపు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉండి... పట్టుకున్నాడు. ముందు అద్దం ఆ దెబ్బకే పగిలిపోయింది కాబట్టి ట్రాక్టర్ లేపిన దుమ్మంతా మా ముఖాలకే. ఆ చింతచెట్టు కనబడగానే మామ వేళ్లు బిగుసుకుపోయాయి. అవ్వ చెట్టు వైపు చూడనైనా చూడలేదు.

"నర్సింలూ, బీబీపేటల మిరపనారు ఎప్పుడు పోస్తరురా?"

మామ మెల్లగా మొదలుపెట్టాడు... ఏ నేల మంచిది, ఏ విత్తనం మొలవదు, వాళ్ల నాయిన నారుమడి ఎట్లా తడిపేవాడు... కామారెడ్డి వచ్చేదాకా ఆగితే ఒట్టు. నాకైతే విసుగుతో నిద్రొచ్చింది. కారు దెబ్బతిన్న నాటినుంచి ఆయన ఇంకో సంగతి మాట్లాడటం అదే మొదలు.

కారును అక్కడ వదిలేసి ముగ్గురం బస్సులో తిరిగొచ్చాం. మామ రేకుపెట్టె మళ్లీ అటకెక్కింది. తర్వాత మేం కొన్న ట్రాక్టర్‌ను ఆయనే నడిపాడు... పెళ్లి చేసుకుని మా పక్కింట్లోనే స్థిరపడ్డాడు.

మొన్న మా మనవడి పాత కారు కామారెడ్డిలో డివైడర్‌కు కొట్టింది. దేవుడి దయ, వాడికేమీ కాలేదు. నాలుగు ఫొటోలు పంపితే, బాగుచేయించడం దండగ, తుక్కే అని ఇన్సూరెన్సు వాళ్లు ఫోన్లోనే తేల్చేశారు. ఒక లారీ వచ్చి కారును వీపు మీద ఎక్కించుకుని పోయింది. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకునే మనిషితో పని లేదట... పలకరించడానికి కూడా ఎవరూ రాలేదు. ఏడుపు బొమ్మలు మాత్రం ఫోన్లో బాగానే వచ్చాయి.

వాడు తాళంచెవి పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు. నేనూ పోయి పక్కన నిలబడ్డాను... ఎమ్మే దాకా చదువుకున్న నోరే ఇది, ఊరందరినీ కడిగిపారేసే నోరే... ఏ మాట కదపాలో తోచలేదు.

మీ ఇండ్లల్లో అలాంటప్పుడు ఎవరు, ఏ సంగతి ఎత్తేవాళ్లో కాస్త రాయండి. ఊసుపోక అడగడం లేదు... వాడింకా సరిగ్గా తినడం లేదు.