చిన్నాయనకు బియ్యం

మా చిన్నాయన సామాను రేకు పెట్టె నిండా ఉంది, ఆయనే లేడు. నేను పుట్టకముందు జరిగిన యుద్ధంలో ఆయన ఎక్కిన విమానం సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదు. గోదావరిఖనిలో మా కాలనీ అంతా ఆయన్ని పైలట్ అనే చెప్పుకుంటుంది. కాదు మహాప్రభో, వెనక కూర్చుని వైర్‌లెస్ చూసేవాడు అని ఎంత మొత్తుకున్నా వినరు. చివరికి నేనే ఊరుకున్నాను.

పెట్టెలో నీలం టోపీ, ఒక జత ఉన్ని మేజోళ్లు, గడ్డం గీసుకునే డబ్బా, ప్రభుత్వం పంపిన కాగితం ఉన్నాయి. ఆచూకీ దొరకలేదు, మరణించినట్టు భావిస్తున్నాం అని ఆ కాగితంలో ఉంది. భావిస్తారట! అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మా నాయన బొగ్గుబావిలో పనిచేసినవాడు. "బాయిల కప్పు కూలి మనిషి చిక్కినా, పైకి తెచ్చెదాక సచ్చిండనం. సూడకుండ వీన్నెట్ల అంటం?" అనేవాడు. అందుకే గోడ మీది చిన్నాయన ఫొటోకు దండ పడలేదు. పెత్రమాస నాడు పోయిన పెద్దలందరి పేర్లూ చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం కదా, అందులోనూ ఆయన్ని కలపలేదు. చిన్నమ్మ బొట్టు తీయలేదు, మట్టెలు తీయలేదు. పిల్లలు లేరు. తీసుకుపోతామని పుట్టింటివాళ్లు వస్తే, "ఆయనొచ్చెటాల్లకు నేను ఇంట్ల లేకపోతె ఎట్ల?" అని పంపించేసిందట.

అమ్మా నాయనా పోయాక ఇంట్లో మిగిలింది ఆమె, నేను. నాకు పెళ్లి కుదరలేదు, అదో పెద్ద కథ, వదిలేయండి. నేను డ్యూటీకి పోతే ఆమె మేజోళ్లు ఎండకేస్తుంది. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు గోడ అదిరి ఫొటో పక్కకు ఒరిగితే సరిచేస్తుంది. నేనొచ్చాక అన్నం పెట్టి ఆ గోడకే ఆనుకుని కూర్చుంటుంది. ఇద్దరం ఉన్నా ఇల్లు బోసిగానే ఉంటుంది.

మొన్న పెత్రమాసకు ముందు రోజు చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అంది. "బిడ్డా, ఈసారి మీ చిన్నాయనకు గూడ ఇయ్యి."

నాకు చర్రున కోపమొచ్చింది. "ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేంది చిన్నమ్మా? నీకేమన్నయిందా?"

"నాకేం గాలే. నేను పోత, ఎన్కకు నువ్వు పోతవు. గప్పుడు ఆయన్ని తలిచెటోడెవడు? ఇన్నేండ్ల సంది ఆకలితోని తిరుగుతున్నడో ఏమో. నేనే అడ్డం పడ్డ."

"ఆయన సచ్చిండని నా నోటితోని చెప్పాల్నా? నాతోని గాదు!"

ఆమె మళ్లీ చాట మీదికి వంగింది. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఆయన వస్తాడన్న ఆశ నాకెప్పుడూ లేదు. కానీ ఆమె ఎదురుచూసినన్నాళ్లూ ఈ ఇంటికి రావాల్సిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు కూడా చెప్పేస్తే ఇక మా గడప తొక్కేవాళ్లు ఎవరూ ఉండరు.

తెల్లారి మంథని నుంచి వచ్చిన అయ్యగారి ముందు పళ్లెం పెట్టి కూర్చున్నాను. తాత, అవ్వ, నాయన, అమ్మ పేర్లు చెప్పాను.

"ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగారు అయ్యగారు.

లేరని తల ఊపబోయాను. అంతలో చిన్నమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆమెకు ఆయన ఎప్పుడూ 'ఆయన', నాతో అయితే 'మీ చిన్నాయన', అంతే. కొంగు నెత్తి మీదికి లాక్కుని, గుప్పెడు బియ్యం తీసుకుని, ఇంటిపేరుతో సహా ఆ పేరు గట్టిగా చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు.

అయ్యగారు "ఇన్నమ్మా, ఇనబడ్డది" అన్నారు. అయినా ఆమె మళ్లీ చెప్పింది, మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది.