రెండు పెట్టెల నడుమ

పోయిన నెలలో ఒక మంగళవారం నేను మూడో పీరియడ్ పాఠం చెప్తుండగా మార్కెట్ హమాలీ ఒకాయన సైకిల్ మీద మా బడికి వచ్చాడు. నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. "మీ పెద్దబాపు పోయిండమ్మా. మంచంల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. ఆ స్టీరియో సెట్టు నడుస్తనే ఉన్నది," అన్నాడు. పోయాడన్న మాటకు రాని ఏడుపు, సెట్టు నడుస్తూనే ఉందన్న మాటకు వచ్చింది. పిల్లలందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఎందుకట్లా అని తర్వాత హెడ్మాస్టరు గారు అడిగితే చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెప్పాలని కూర్చున్నాను.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. వరంగల్ గ్రెయిన్ మార్కెట్‌లో దడువాయి. అంటే రైతు తెచ్చిన వడ్లూ మిర్చీ కాంటా మీద తూచే మనిషి. అటు రైతుకూ ఇటు సేటుకూ మధ్య నిలబడి ఇద్దరితోనూ మాటలు పడే పని అది. పొద్దున మొదటి బస్తా ఎక్కించే ముందు ఖాళీ కాంటాను అట్లాగే వదిలేసి, అది ఊగి ఊగి నిలబడేదాకా చూసేవాడు. హమాలీలు విసుక్కునేవాళ్లు. ఆయనకు పట్టేది కాదు. "ముందుగాల ఖాళీ కాంటా చూడాలె బిడ్డా. బరువు ఎవడన్న చూస్తడు," అనేవాడు. ఇంట్లోనూ అదే వరస. చాయ్ పోసే ముందు ఖాళీ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడందే పోయనిచ్చేవాడు కాదు.

మాట చాలా తక్కువ. ఆ తక్కువైనా ఆలస్యంగా వచ్చేది. పొద్దున అడిగినదానికి పొద్దుగూకినంక జవాబు చెప్పేవాడు. అప్పటికి అడిగినవాళ్లు ఏం అడిగారో మరిచిపోయేవాళ్లు. "ఈయనతోని లొల్లి వెట్టుకుంటే ఎండకాలం అడిగినదానికి వానకాలం జవాబొస్తది," అని మా పెద్దమ్మ నవ్వేది. ఆవిడ నవ్వుతుంటే ఆయన గోడవైపు తిరిగి మీసాలలో నవ్వుకునేవాడు.

వాళ్లకు ఒక్కడే కొడుకు. నాకు అన్న. డెబ్బైలలో ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చినప్పుడు గల్లీ అంతా బెల్లం పంచారు. అన్నకు పుస్తకాల కన్నా వైర్ల మీద ప్రేమ. బట్టల దుకాణంలో పారేసిన చెక్కపెట్టెలు తెచ్చి, కోసి, రెండు స్పీకరు పెట్టెలు చేశాడు. వాటిని మోగించే రిసీవరు కూడా సొంతంగా కట్టాడు. ఒకే డబ్బాలో రేడియో ఉంటుంది, టేపు రికార్డరు తగిలిస్తే దాని పాటా వస్తుంది, రెండు పెట్టెల్లో రెండు గొంతులూ పలుకుతాయి. "చెల్లె, నీ చెయ్యి వణకది. నువ్వే పట్టు," అని నాతో తీగలకు సీసం కరిగించి టాంకాలు వేయించేవాడు. ఆ పొగ వాసనకు నాకు తలనొప్పి వచ్చేది. అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

అట్లాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ క్యాసెట్టు పుట్టింది. పొద్దున తండ్రీకొడుకులకు గొడవైంది. "సదువు పక్కకు వెట్టి డబ్బలు జేస్తానవ్. వారం వారం ఏడికి పోతానవో చెప్పవ్," అన్నాడు పెద్దబాపు. అన్న నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నం సెట్టును పరీక్షించడానికి, మంచం మీద కూర్చున్న తండ్రికి వీపు పెట్టి, రెండు పెట్టెల మధ్య నిలబడ్డాడు. హాస్టల్ స్నేహితుడి దగ్గర కొన్న టేపు రికార్డరు తిరుగుతున్నది. మొదట ఎడమ మైకులో "ఇది ఎడమ పెట్టె" అన్నాడు. తర్వాత కుడి మైకులో "ఇది కుడి పెట్టె" అన్నాడు. చివరికి రెండు మైకులూ దగ్గరికి పట్టుకొని, "బాపూ, రెండూ వినవడ్తానయా?" అని అడిగాడు.

పెద్దబాపు పలకలేదు. పొద్దుటి కోపం ఇంకా దిగలేదు. మంచం కిర్రుమన్నది. ఒకసారి దగ్గాడు. అన్న వెనక్కి తిరగకుండానే, "సరే తియ్," అని టేపు ఆపేశాడు. నేను తీగలు పట్టుకొని అక్కడే ఉన్నాను. ఆ పూట అదేమీ పెద్ద విషయంగా అనిపించలేదు.

తర్వాత కొన్ని నెలలకు అన్న కాలేజీ నుంచి ఇంటికి రాలేదు. ఆ రోజుల్లో మా దిక్కు అట్లా ఇంటికి రాని పిల్లలు ఇంకా ఉన్నారు. ఎక్కడికి పోయారో తెలిసినవాళ్లు చెప్పరు, తెలియనివాళ్లు అడగరు. పోలీసులు ఎవరన్నా వచ్చి ఇల్లు వెతుకుతారేమోనని పెద్దమ్మ భయపడి, ఒక పొద్దున అన్న పుస్తకాలు, కాగితాలు, ఫొటోలతో సహా పొయ్యిలో పెట్టింది. ఎవరూ రాలేదు, ఎవరూ వెతకలేదు. ఒక్క ఫొటో అన్నా దాచుకోకపోతినే అని ఆ తల్లి మూడేళ్లు కుమిలి, ఆ బెంగతోనే పోయింది. మీద 'టెస్టు' అని రాసి ఉండబట్టి క్యాసెట్టు ఒక్కటి మిగిలింది. అన్న చేసిన ఆ సెట్టు కాక, అన్నదంటూ ఈ భూమ్మీద ఉన్నది ఆ నాలుగు మాటలే.

పెద్దబాపు రోజూ మార్కెట్ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, దీపాలు పెట్టే వేళకు అది వినేవాడు. ఎడమ పెట్టె, కుడి పెట్టె, ఆ ప్రశ్న. ప్రశ్న దగ్గర తల దించుకునేవాడు. నేను చాలాసార్లు చూశాను. వింటూ ఏమీ అనేవాడు కాదు.

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం కరెంటు ఎక్కువై అన్న కట్టిన రిసీవరు కాలిపోయింది. పెట్టెలు బాగున్నాయి, టేపు రికార్డరు బాగుంది కానీ దానికి సొంత స్పీకరు లేదు, నడుమ పలికించేది పోయింది. స్టేషన్ రోడ్డులో మెకానిక్ మూత విప్పి చూసి, "దీని నక్ష ఏది కాకా? ఏ తీగ ఏడికి పోతాందో నాకు సమజైతలేదు," అన్నాడు. పెద్దబాపు సెట్టును గుడ్డలో చుట్టుకొని లేచాడు. రిక్షాలో సగం దూరం వచ్చాక, "నక్ష వాని తలకాయల ఉన్నది," అన్నాడు. నేను అటువైపు తిరిగి కూర్చున్నాను.

ఇక కొత్తది వెతకాలి. ఆయన తన తాహతుకు మించి పోనన్నాడు. చవకగా ఉండాలి, కానీ గొంతు గొంతులా రావాలి. స్పీకర్లంటే నాకు అంతో ఇంతో తెలుసునని నన్ను వెంటబెట్టుకున్నాడు. క్యాసెట్టును చేతిరుమాలలో చుట్టి అంగీ లోపలి జేబులో పెట్టుకొనేవాడు. ప్రతి దుకాణంలోనూ అదే వేసి వినాలి. దుకాణాలవాళ్లు పాటల క్యాసెట్లు తీసి పెడితే వద్దనేవాడు.

చౌరస్తాలో మొదటి దుకాణం సేటు పెద్ద టూ-ఇన్-వన్ ముందు పెట్టాడు. "కాకా, ఒక్క మనిషికి గీ డబ్బ బహుత్ అయితది. రెండు పక్కల స్పీకర్లు దీన్లనే ఉన్నయ్," అన్నాడు. క్యాసెట్టు వేశాడు. అన్న గొంతు వచ్చింది. మూడు వారాలుగా వినని గొంతు. "బాపూ, రెండూ వినవడ్తానయా?" అని అడిగింది.

"వినవడ్తానయి బిడ్డా," అన్నాడు పెద్దబాపు.

గట్టిగానే అన్నాడు. కాంటా దగ్గర తూకం చెప్పే గొంతుతో అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. ఒకడు కిసుక్కుమన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం నాకు ముక్కు మీద ఉంటుంది, దాచుకోవడం ఏమిటి? బయటికి రాగానే, "పెద్దబాపూ, నలుగుర్ల గదేంది? టేపుతోని మాట్లాడుతరా ఎవలన్న?" అని కసిరాను. ఆయన క్యాసెట్టును రుమాలలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ డబ్బా వద్దన్నాడు. "వాడు మూలకు ముడుసుకొని కూసున్నట్టున్నది. రెండు పెట్టెల నడుమ మనిషి పట్టాలె."

ఆ సాయంత్రం వాళ్లింట్లో చాయ్ పోస్తుంటే, గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తూ, నేను పొద్దున అడిగినదానికి జవాబు చెప్పాడు.

"ఆనాడు చెప్పలే గద బిడ్డా. అడిగిండు, నేను చెప్పలే."

అంతే అన్నాడు. ఆ పొద్దున కసిరినందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

రెండో దుకాణంలోది మెరిసిపోయే కొత్త సెట్టు. పాటకు తగ్గట్టు ఎర్రవీ పచ్చవీ దీపాలు ఎగిరాయి. నాకు నచ్చింది, నిజం చెప్తున్నాను. పెద్దబాపు మాత్రం ఏమీ వేయకుండా ఊరికే మోత పూర్తిగా పెంచమన్నాడు. రెండు స్పీకర్లూ గుయ్‌మని తుమ్మెదల్లా మోగాయి. "ఖాళీ కాంటనే గింత తూగుతాంది. దీని మీద నేనేం పెట్టాలె?" అని లేచాడు. దుకాణదారు, "తూకానికి వచ్చినవా, పాట వినడానికి వచ్చినవా కాకా?" అని నవ్వాడు.

చివరికి హన్మకొండలో ఒక ముసలి మెకానిక్ దగ్గర దొరికింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముకున్న విదేశీ రిసీవరు. ముందు భాగమంతా గీతలు, తిప్పే బిరడా ఒకటి ఊడిపోయింది, వెనుక రాతలు అరిగిపోయాయి. అందుకే చవక. మా రెండు పెట్టెలనూ రిక్షాలో అక్కడికే మోసుకుపోయాం. ఏమీ వేయకుండా మెకానిక్ మోత పూర్తిగా పెంచాడు. పెద్దబాపు కళ్లు మూసుకున్నాడు. "ఏం వినవడ్తలేదు," అన్నాడు సంతోషంగా. "వినవడకుంటే మెచ్చుకున్న గిరాకీని నా జిందగీల చూడలే," అన్నాడు మెకానిక్. ముగ్గురం నవ్వాం. క్యాసెట్టు అక్కడ తీయలేదు. ఇంటికి పోయి విందామన్నాడు.

ఇంటికి తెచ్చి తీగలు నేనే కలిపాను. వెనుక అక్షరాలు కనబడకపోతే, ఇదే ఎడమ అయి ఉంటుందిలే అని తగిలించాను. పెట్టెలను పాతచోటే పెట్టాం. ఆయన మంచం మీద కూర్చున్నాడు. క్యాసెట్టు తిరిగింది. "ఇది ఎడమ పెట్టె," అన్నాడు అన్న. గొంతు కుడి పెట్టెలోంచి వచ్చింది. "ఇది కుడి పెట్టె." ఎడమవైపు నుంచి. అయ్యో, తీగలు తారుమారు చేశానే అని నేను గభాలున లేచాను. పెద్దబాపు నా చెయ్యి పట్టుకున్నాడు. అంత గట్టిగా ఆయన నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఆగు. ముట్టకు."

"తప్పయింది పెద్దబాపూ. ఎడమది కుడికి పోయింది. రెండు నిమిషాల పని."

"నువ్వు నాకెదురుంగ వచ్చి నిలవడు," అన్నాడు. పోయి పెట్టెల మధ్య ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. "నీ ఎడమ చెయ్యి లేపు." లేపాను. అది ఆయనకు కుడివైపు లేచింది. ఆయన ఆ చేతినే చూస్తూ, "ఇన్నేండ్లు నాకు వీపు వెట్టి మాట్లాడిండు బిడ్డా. ఇయ్యాల నా దిక్కు తిరిగిండు," అన్నాడు.

నేను నిలబడ్డ చోటు నుంచి ఒక్క అడుగు పక్కకు జరిగాను. అప్పుడే ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న రెండు పెట్టెల్లోనూ సమానంగా పలుకుతుంది కనుక ఏ పెట్టెలోంచీ వచ్చినట్టు ఉండదు. నడుమ, ఏమీ లేని చోటు నుంచి వస్తుంది. నేను జరిగిన చోటు నుంచి వచ్చింది. "వినవడ్తానయి బిడ్డా," అన్నాడు పెద్దబాపు. ఈసారి గొంతు మెల్లగా ఉంది, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టుగా.

ఆ తర్వాత ఒక కొత్త అలవాటు మొదలైంది. ఇంట్లో బనీనుతో ఉండే మనిషి, సెట్టు పెట్టే ముందు అంగీ తొడుక్కొని గుండీలు పెట్టుకొనేవాడు. తల దువ్వుకొనేవాడు. నాకు ఆ గదిలోకి పోవాలంటే భయం వేసేది, పోకుండా ఉండాలంటే బెంగగా ఉండేది. పెట్టెల మధ్య నుంచి నడవాల్సి వస్తే నాకు తెలియకుండానే చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఇల్లు ఊడ్చే ఆమె కూడా అట్లాగే చేయడం చూశాను. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ మంగళవారం నేను పోయేసరికి ఆయనను చాప మీదికి దింపారు. అంగీ గుండీలు మెడదాకా పెట్టి ఉన్నాయి. సెట్టు దీపం వెలుగుతూనే ఉంది. టేపు చివరికి వచ్చి ఆగిపోయింది. ముందటి సాయంత్రం జవాబు చెప్పాడో లేదో ఎవరికీ తెలియదు.

దినాలు అయిపోయాక ఇల్లు ఖాళీ చేయడానికి ఒక్కదాన్నే పోయాను. సామాను కట్టేశాను, సెట్టు ఒక్కటి మిగిలింది. తీగలు విప్పబోయి, ఆగి, మంచం మీద ఆయన కూర్చునే చోట కూర్చున్నాను. ముందు ఏమీ వేయకుండా మోత పెంచి చూశాను. ఏమీ వినబడలేదు. అప్పుడు క్యాసెట్టు పెట్టాను. ఎడమ పెట్టె కుడివైపు పలికింది, కుడి పెట్టె ఎడమవైపు పలికింది. నడుమ నుంచి, "బాపూ, రెండూ వినవడ్తానయా?"

నోరు తెరిచాను. అడిగింది నన్ను కాదు కనుక మూసుకున్నాను. టేపులో మంచం కిర్రుమన్నది. ఇన్నేళ్లూ ఆయన జవాబు కింద మునిగిపోయి నేను సరిగా వినని దగ్గు ఒకటి, అన్న నిలబడ్డ చోటనే, చాలా దగ్గరగా వినబడింది. పెద్దబాపు దగ్గు. ఆ తర్వాత అన్న గొంతు, "సరే తియ్."