శారదా నదిలో అమ్మ అడిగిన మాట

సునామీ వచ్చిన మరుసటి ఏడు మా నాన్న పోయారు. అప్పుడు నేను అనకాపల్లిలో డిగ్రీ చదువుతున్నాను. నాన్న, నేను చర్చికి వెళ్లేవాళ్లం. కశింకోట దగ్గర చెరకు రైతుల ఇంట పుట్టిన అమ్మ మాత్రం మతం మారలేదు. నాన్న ఏనాడూ బలవంతపెట్టలేదు.

నాన్న పోయిన ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు వాక్యం చెబుతూ, యేసును నమ్మి బాప్తిస్మం పొందినవారే పరలోకంలో తమవారిని కలుసుకుంటారన్నారు.

"అయితే మీ నాన్నని నానింక సూడనేటే?" అని ఇంటికొచ్చి అమ్మ ఒకటే ఏడుపు. తనూ బాప్తిస్మం తీసుకుంటానంది.

ఆ ఆదివారం తెల్లచీర కట్టుకుని శారదా నదిలో నడుంలోతు నీళ్లలో నిలబడింది. గట్టు మీద సంఘమంతా పాట పాడుతోంది. పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి వేసి, "నమ్ముతున్నావా?" అని అడిగారు. అమ్మ చటుక్కున తలెత్తింది.

"అయ్యగారూ, మాయమ్మ ఈ మాట యినకుండానే సచ్చిపోనాది. నానటు ఎల్లిపోతే అది ఒక్కత్తీ అయిపోదా?"

పాట ఆగిపోయింది. అందరూ నా వైపు తిరిగి చూశారు.

"దేవుడు న్యాయవంతుడమ్మా" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

ఇంకేమైనా చెబుతారేమోనని అమ్మ కాసేపు చూసింది. తర్వాత మునగకుండానే గట్టెక్కేసింది. ఆటోలో తడికొంగు పిండుకుంటూ, "మీ నాన్న ఏటనుకుంటాడో" అని దారంతా గొణుగుతూనే ఉంది.

అమ్మ పోయాక మా మేనమామలు వాళ్ల ఊళ్లోనే దహనం చేశారు. పరలోకానికి ఆ ఒక్క దారేనా అన్నది నాకిప్పటికీ తేలలేదు. ఏటా సమాధుల పండక్కి నాన్న సమాధి మీద మూడు కొవ్వొత్తులు వెలిగిస్తాను. మిగతా రెండూ ఎవరికని పాస్టరుగారు ఇంతవరకూ అడగలేదు.

— ఒక పాఠకురాలు, అనకాపల్లి