గొట్టం అత్త

ఎముక మూలుగ మార్పిడి వార్డులో పిల్లలు ఆ నర్సుకి పెట్టిన పేరు గొట్టం అత్త. తిండి మానేసిన పిల్లలకి ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం దించి పాలు పట్టడం ఆవిడ పని. ఆవిడ గుమ్మంలో కనబడితే చాలు, పిల్లలు దుప్పటి ముసుగు తన్నేవాళ్లు.

ఓసారి నాలుగేళ్ల పిల్ల ఒకతె చేరింది. కొత్త మూలుగ ఎక్కించే ముందు ఇచ్చిన మందులకి నోరంతా పుండ్లు, ఆగని విరేచనాలు. ఉమ్ము మింగాలన్నా ఏడుపే.

"నరంలోంచి ఆహారం ఎక్కిస్తున్నారు కదండీ, అది చాలదా?" అంది తల్లి.

"చాలదమ్మా. పేగుల్లో కాస్తయినా తిండి పడకపోతే వాటి గోడలు పలచబడిపోతాయి. అక్కడి క్రిములు రక్తంలోకి దూరితే ఈ పిల్ల తట్టుకోలేదు. చేతులు పట్టుకోండి."

తల్లి పట్టుకుంది. "మింగు తల్లీ, మింగు" అంటూ నర్సు గొట్టం దించింది. పిల్ల గొంతు పోయేలా అరిచింది. మర్నాడు వాంతిలో గొట్టం బయటికొచ్చేసింది. మళ్లీ దించింది. అలా తొమ్మిదిసార్లు.

ఐదోసారి పిల్ల ఆవిడ మణికట్టు కొరికింది. లాక్కుంటే చిగుళ్లు చిట్లుతాయని, వదిలేదాకా ఆవిడ చెయ్యి కదపలేదు. తల్లి వైపు తిరిగి పిల్ల "నువ్వే పట్టుకున్నావు" అంది. ఆ తర్వాత వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు.

తల్లి ఆ కోపమంతా నర్సు మీద చూపించింది. "మీకూ పిల్లలుంటే తెలిసేది."

ఇద్దరున్నారని నర్సు చెప్పలేదు.

నెల తిరిగేసరికి కొత్త మూలుగ పట్టుకుంది. పుండ్లు మానాయి, విరేచనాలు కట్టాయి. ఓ ఉదయం పిల్ల మెత్తగా ఉడికిన బంగాళాదుంప మూడు చెంచాలు తనే తింది. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సు మాత్రం లోపలికి వెళ్లకుండా తలుపు అద్దంలోంచి చూసి ఊరుకుంది.

ఆరునెలలకి తల్లీ కూతుళ్లు పరీక్షలకొచ్చారు. పిల్లకి బుగ్గలొచ్చాయి, నెత్తిన జుట్టు మొలిచింది. వరండాలో కూర్చుని బిస్కెట్ తింటోంది. నర్సుకి ప్రాణం లేచొచ్చింది. "ఏరా బంగారం!" అంటూ దగ్గరికెళ్లింది.

పిల్ల ఆవిణ్ని చూసింది. తిన్నదంతా కక్కేసింది.

పిల్ల మూతి తుడుస్తూ, తల్లి తలెత్తకుండా అంది. "దీన్ని బతికించింది మీరేనని డాక్టరుగారు చెప్పారండీ. కానీ మేమొచ్చినప్పుడు మీరు కాస్త లోపలే ఉంటారా?"

"అలాగేనమ్మా" అంది నర్సు.

అప్పట్నుంచి ప్రతి నెలా ఆ పిల్ల వచ్చే రోజున ఆవిడ మందుల గదిలో తలుపు వేసుకుని సీసాలు సర్దుకుంటుంది. పిల్ల బరువెంతో మాత్రం మర్నాడు పరీక్షల చీటీలో చూసుకుంటుంది.