ఫెర్డీలియా నిజం చెప్పిన పొద్దు

కరీబియన్ దీవి డొమినికాలో ప్రధానమంత్రి కార్యాలయపు వంటగదిలోకి ఫెర్డీలియా లాఫోండ్ అడుగుపెట్టేనాటికి ఆమె ఇంకా పడుచుపిల్ల. చేపల వేటకు వెళ్లిన భర్త తిరిగి రాలేదు. చంకలో పసిబిడ్డ. ఆ కూతురి చదువూ, ఆ ఇంటి పైకప్పూ ఆ వంటగది పెట్టిన భిక్షే.

ఆమె ఎక్కువకాలం వండిపెట్టింది ప్రధాని గాడ్విన్ ఆన్సెల్మ్ గారికి. ఆయనకు పొద్దున్నే దాల్చినచెక్క వేసిన చిక్కటి కోకో టీ, నూనెలో వేయించిన వేడి వేడి 'బేక్' రొట్టెలు ఉండాలి. అవి తింటూ ఆమెతో వాదులాడటం అలవాటు.

ఒక ఏడాది ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది. మర్నాడు పొద్దున నడవాలో మనిషి అలికిడి లేదు. ఆయనే వంటగదికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఫెర్డీ, నిజం చెప్పు. నాకు వేశావా?"

"లేదు, పీఎం గారూ."

"ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేది?"

"ఇన్నేళ్లలో మీకు పాచి టీ ఇవ్వలేదు. ఇవాళ పాచి మాట ఇవ్వమంటారా? మా ఊరికి నీళ్ల పైపు వేయిస్తానన్నారు. మా అమ్మ ఇప్పటికీ వాగు నుంచే మోసుకొస్తోంది."

ఆయన మనసారా నవ్వాడు. "ఇంకో రొట్టె వెయ్యి. రేపట్నుంచి ఇవెక్కడ దొరుకుతాయి!"

మార్కెట్లో మాత్రం అప్పుడే ఎగతాళి మొదలైంది. "ముసలాయన వంటమనిషీ, మూట కట్టుకో!" అని కూరగాయల బల్లల వెనక నుంచి ఒకటే కేకలు. ఫెర్డీలియా వంటగదికి వెళ్లి తన గరిటె, ఏప్రాను సంచిలో సర్దుకుంది.

ప్రెసిడెంటు ముందు ప్రమాణం చేసి కొత్త ప్రధాని మార్వా తిబూ నేరుగా ఆ వంటగదికే వచ్చింది. ఒకప్పుడు మంత్రసాని, గొంతు పెద్దది.

"ఎక్కడికి ఫెర్డీ అమ్మా, సంచితో?"

"పాత వాళ్లంతా వెళ్లిపోతున్నారు కదమ్మా."

'నేనూ నీకే ఓటేశాను' అన్న మాట ఫెర్డీలియా నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం కోసం ఓటు చూపించడం సిగ్గనిపించి మింగేసింది.

"ఆన్సెల్మ్ గారు ఫోన్ చేశారు" అంది మార్వా. "'ఎవరిని మార్చుకున్నా ఫెర్డీని కదపకు, ఓటు వెయ్యలేదని నా మొహం మీదే చెప్పింది, నీకూ నిజమే చెబుతుంది' అన్నారు. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లకు అలాంటి మనిషి ఒకరుండాలట. సంచి దించు. పొద్దుట్నుంచి నా కడుపులో ఏమీ పడలేదు."

ఫెర్డీలియా పొయ్యి వెలిగించింది. కళ్లు తుడుచుకుంటూనే పిండి కలిపింది.

ఆ ఆదివారం కాలలూ ఆకుకూరతో చేసిన సూపు పట్టుకుని ఆన్సెల్మ్ గారింటికి వెళ్లింది. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది. గుమ్మంలో ఆయన్ని చూశాక "మీరు నా బతుకు నిలబెట్టారు" అన్న ఒక్క మాటే వచ్చింది.

"సూపు చల్లారుతుంది, లోపలికి రా" అన్నాడాయన.

ఆమె ఉద్యోగం ముగించి చాలా కాలమైంది. ఇప్పటికీ చర్చిలో ఆన్సెల్మ్ గారి పేరూ, మార్వా పేరూ కలిపే ప్రార్థిస్తుంది. అవతలివాళ్ల పేరెందుకని రెండు పార్టీల వాళ్లూ ఆమె మీద గుర్రుమంటారు.